ఫార్మసీ బావ

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల కింద ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా "ఇగ ఈ లైన్ వద్దన్నా, మారిపోదామనుకుంటున్న" అనే మాట చెవిన పడుతుంది. మారిపోయేవాళ్ళలో రకాలున్నాయి. ఉద్యోగం వదిలి బిర్యానీ పాయింట్ పెట్టేవాడు ఒక రకం. దాన్ని మూసేసి మళ్ళీ ఉద్యోగం వెతుక్కునేవాడు ఇంకో రకం. ఈమధ్య మూడో రకం బయల్దేరింది. ముప్పై తొమ్మిదేళ్ళుంటాయి. చెవుల పక్కన నెరుపు. చేతిలో ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ. పక్కన కొడుకుంటే పుస్తకం కొడుకుదే అనుకుంటాం. కొడుకు అయిదో క్లాసు.

ఇలాంటివాళ్ళకు మా కాలనీలో ఫార్మసీ బావలని పేరు. నాకు బాగా తెలిసిన బావ కొత్తపేటలో ఉంటాడు. ఆయన సంగతి చెబితే తక్కినవాళ్ళ సంగతీ చెప్పినట్టే.

బావ గతం తెలియాలంటే బావను అడగక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఏడు ఏ బోర్డు వేలాడిందో గుర్తుంటే చాలు. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులున్న రోజుల్లో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని అమెరికా డాక్టర్లు గొణిగింది టైపు చేయడం నేర్చుకున్నాడు. "ఆయన ముక్కుతో మాట్లాడుతున్నడు" అని మానేశాడు. తర్వాత టెస్టింగ్ టూల్స్. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చింది సరిగ్గా 2008 రిసెషన్‌లో. ఆపైన బ్యాంక్ పీవో. ఆపైన గ్రూప్స్, దానికోసం అశోక్‌నగర్ దాకా వలస వెళ్ళి, రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల వరకూ చదివి, ఆదేశిక సూత్రాల దగ్గర ఆగి తిరిగొచ్చాడు. చివరికి హయత్‌నగర్ అవతల వెంచర్లలో ప్లాట్లు చూపించే పని. ఆదివారం కస్టమర్లను కారెక్కించుకుపోయి, తుమ్మచెట్ల మధ్య నిలబెట్టి, "ఇక్కడ్నే క్లబ్ హౌస్ వస్తది సార్" అనడం. పాపం, అబద్ధం చెప్పేటప్పుడు బావ కళ్ళు నేల చూస్తాయి. ఆ రంగంలో ఆయన పైకి రాకపోవడానికి అదొక్కటే కారణమని నా నమ్మకం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఎన్నడూ దిగని షట్టర్లు దిగిపోయాయి. బట్టల షాపుల్లేవు, బంగారం షాపుల్లేవు, కోచింగ్ సెంటర్లు కూడా లేవు. బావ డోలో కోసం బయటికొచ్చాడు. మెడికల్ షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడి ఉన్నారు. లోపలి మనిషి ఓ చేత్తో డబ్బులు తీసుకుంటున్నాడు, ఇంకో చేత్తో మందులిస్తున్నాడు. తలెత్తి చూసే తీరిక కూడా లేదు. లోకమంతా ఆగిపోయినా ఆగని గల్లాపెట్టె ఇదొక్కటేనని బావకు గుండ్రంలో నిలబడ్డప్పుడు తట్టింది. ఇంటికి పరిగెత్తుకొచ్చి భార్యకు (మాకందరికీ వదిన) చెప్పాడు. అంతా విని వదిన "డోలో ఏది?" అంది. తేలేదు.

మందుల షాపు పెట్టాలనుకున్నాక కోచింగ్‌లో చేరడానికి కొన్నేళ్ళు పట్టింది. ఈలోపు బావ నిబంధనలు చదివాడు. చదవడంలో ఆయనకు సాటి లేరు. పుస్తకం కన్నా ముందు ప్రాస్పెక్టస్ చదువుతాడు. ఫార్మసీకి నీట్ అక్కర్లేదు, ఎంసెట్ చాలు. ఆ ఎంసెట్ 2024 నుంచి ఈఏపీసెట్ అయింది (బావ నోట మాత్రం ఇప్పటికీ ఎంసెట్టే). బైపీసీ వాళ్ళకే కాదు, తనలాంటి ఎంపీసీ వాళ్ళకూ బీఫార్మసీ సీట్లున్నాయి. పేపర్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే.

"అంటే కప్పను కొయ్యకుండ మందుల షాపు పెట్టుకోవచ్చన్నట్టు" అని మురిసిపోయాడు. ఆ మురిపెం సిలబస్ చూసేదాకానే. మొదటి సెమిస్టర్‌లో ఎంపీసీ వాళ్ళకు రెమెడియల్ బయాలజీ అని పెట్టారు. బైపీసీ వాళ్ళకు అదే చోట రెమెడియల్ మ్యాథ్స్. పదిహేనేళ్ళ వయసులో ఎవరు దేన్నుంచి తప్పించుకున్నారో కనిపెట్టి, సరిగ్గా అక్కడికే చెవి పట్టుకుని తీసుకురావడం. ఈ దేశంలో ఎక్కడో న్యాయం ఉందని నాకు నమ్మకం కలిగించిన ఏర్పాట్లలో అదొకటి.

చేరడానికి పై వయసు పరిమితి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు మాత్రం ఉంది, ఓసీలకు 25, తక్కినవాళ్ళకు 29. "సర్కారు నన్ను సదువుకొమ్మంటున్నది. పైసలే నన్ను పెట్టుకొమ్మంటున్నది" అని బావ దాన్ని కూడా ప్రోత్సాహం కిందే జమ వేసుకున్నాడు.

చదువుకునే గదిలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో పెట్టాడు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్ళి పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి, చివరకు ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ల వెనక నిలిచిన మనిషి. బావకు వీటిలో బాగా నచ్చింది మందులు కాదు, తేదీలు. సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీకి మారింది 1940లో, అంటే 45వ ఏట. సరిగ్గా అప్పుడే డల్లాస్‌లో ఉన్న బావమరిది ఫోన్లో ఒక ముక్క వేశాడు: 2003 తర్వాత పాసైనవాళ్ళయితే మన నాలుగేళ్ళ బీఫార్మసీతో అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు దారి పట్టడం కుదరదు, కనీసం అయిదేళ్ళ కోర్సు కావాలి అని. బావకు అమెరికా వెళ్ళే ఉద్దేశమే లేదు. కానీ కుదరదన్న మాట ఒకరు అన్నాక కుదిరే దారి వెతక్కుండా ఉండలేడు. మన దగ్గర 2008లో మొదలైన ఫార్మ్‌డీ ఉంది, ఆరేళ్ళు. 39కి ఆరు కలిపాడు. 45 వచ్చింది. కాగితం మీద ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి వదినకు చూపించాడు.

"సుబ్బారావు గారు గూడ సేమ్ ఏజ్!"

వదిన ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కూడిక తప్పు లేదని ఒప్పుకుంది. "ఆయన హార్వర్డ్ నుంచి మారిండు. మీరు హయత్‌నగర్ వెంచర్ నుంచి మారుతున్నరు. గంతే తేడా" అని నోట్‌బుక్కుల దొంతర దగ్గరికి లాక్కుంది.

సూర్యాపేట నుంచి వచ్చిన మామగారు ఎల్బీనగర్‌లో బస్సు దిగి, ఆటోలో ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, "అల్లుడేం చేస్తున్నడమ్మా ఇప్పుడు?" అనడిగారు.

"సదువుకుంటున్నడు నాయనా."

మామగారు గ్లాసు కింద పెట్టారు. "లగ్గానికి ముందు గూడ గిదే చెప్పిన్రు."

కోచింగ్‌లో బావను లాంగ్ టర్మ్ బ్యాచ్‌లో వేశారు. ఇంటర్ అయి ఒక ఏడు ఆగినవాళ్ళకు పెట్టిన బ్యాచ్ అది. అందరికన్నా లాంగ్ టర్మ్ తనదేనని బావే ముందు నవ్వుకున్నాడు కాబట్టి పిల్లలు మరి నవ్వలేదు. వాళ్ళు "అంకుల్" అంటారు, ఆయన "తమ్మీ" అంటాడు. వాళ్ళకు ఇంటిగ్రేషన్ వస్తుంది, ఆయనకు జీవితం తెలుసు. పరీక్షలో జీవితం మీద ప్రశ్నల్లేవు.

బావ దార్శనికత మాత్రం తక్కువేమీ కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయాక ఆ జాగాలో టిమ్స్ పెద్దాసుపత్రి కట్టడం మొదలైంది కదా, దాని ఎదుటి గల్లీల్లో సాయంత్రం పూట టేపు పట్టుకుని తిరుగుతుంటాడు. రిటైల్ మందుల షాపుకు కనీసం 10 చదరపు మీటర్ల జాగా ఉండాలని డ్రగ్స్ రూల్స్. మన లెక్కలో పన్నెండు గజాలు. రెండొందల గజాల ప్లాట్లు ఊరందరికీ చూపించిన మనిషి, ఇప్పుడు పన్నెండు గజాల షట్టరు కోసం నేల మీద గొంతుక్కూర్చుని టేపు సాగదీస్తుంటే చూడటానికి నాకు ముచ్చటేస్తుంది. ఓనరు అద్దె ఎంత చెప్పినా "ఆరేండ్ల తర్వాతొచ్చి మాట్లాడుత" అంటాడు. ఓనర్లు మొదట్లో తిట్టేవాళ్ళు, ఇప్పుడు టేపు రెండో కొస పట్టుకుంటున్నారు.

ఇక అనుభవం. చైతన్యపురి సందులో తెలిసినాయన మెడికల్ షాపుంది. రోజూ రెండు గంటలు అక్కడ ఊరికే నిలబడి పని నేర్చుకుంటానన్నాడు బావ. ఊరికే వచ్చే మనిషిని వద్దనే యజమాని దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకా పుట్టలేదు.

ఆ షాపులో గోడకు ఫ్రేములో ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. అందులో ఫొటో కూడా ఉంది, దండ ఒక్కటే తక్కువ. ఆ ఫొటోలో ఉన్నాయన్ని సందులో ఎవరూ కళ్ళతో చూడలేదు. మందులిచ్చేది చౌటుప్పల్ నుంచి వచ్చిన పిల్లగాడు. ఇంటర్ బైపీసీ పాసై తొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు వెనకే ఉన్నాడు. డాక్టరు చీటీ తలకిందులుగా పెట్టినా చదువుతాడు. ఓ ముసలమ్మ వచ్చి "బిడ్డా, పొద్దటి తెల్ల గోలీ, నడుమ గీతుంటది" అంటే, పేరు అడగకుండా పాత బిల్లు వెతికి, సరిచూసి, పది గోలీలు కత్తిరించిస్తాడు. కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస షాపులోనే మిగిలేట్టు కత్తిరించడు, అదీ వాడి నిజాయితీ.

బావ మొదటిరోజే ఫ్రిజ్ తెరిచాడు. ఇన్సులిన్ పక్కన యజమాని పెరుగన్నం డబ్బా ఉంది. "టూ టు ఎయిట్ డిగ్రీస్!" అని డబ్బా తీసి బయటపెట్టాడు. మే నెల. మధ్యాహ్నానికి పెరుగన్నం పులిసింది, యజమాని కూడా. రెండోరోజు షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ ఏదని అడిగాడు. మూడేళ్ళు దాచాలి కదా అన్నాడు. అడిగిన గొంతు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గొంతులా వినిపించి యజమాని నిజంగానే లేచి నిలబడ్డాడు. తర్వాత బావ ఫ్రేము వైపు చూపించి, 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెప్పాడు: రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ డాక్టరు చీటీ మీద మందులు కలపకూడదు, ఇవ్వకూడదు.

"మరి నువ్వేం చేస్తున్నవ్ బావా ఇక్కడ?" అన్నాడు యజమాని.

"చూస్తున్న. చూసుడు మీద సెక్షన్ లేదు."

కానీ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. కస్టమరు చేతిలో స్ట్రిప్పు పడగానే డబ్బాలోంచి మడతల కాగితం తీసి, విప్పి, కళ్ళజోడు పైకి తోసి, దాంట్లోని దుష్ఫలితాలన్నీ తెలుగులో చెప్పేవాడు. "వికారం... వాంతులు... తల తిరుగుడు... ఒంటి మీద దద్దుర్లు... నూటికో కోటికో ఒకరికి..." నూటికో కోటికో దాకా వినే ఓపిక ఎవరికుంది? గోలీలు కౌంటరు మీద పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకాయన అయితే దద్దుర్లు అనగానే అక్కడే గోక్కోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం గల్లా చూసుకుని యజమాని చేతులు జోడించాడు. "బావా, నువ్వు సదువుకో. చెప్పకు."

నిజం చెప్పాలంటే, ఫార్మసిస్టు చేయాల్సిన పని బావ చేసిందే. మందు ఎలా వేసుకోవాలో, ఏం చేస్తుందో మనిషికి అర్థమయ్యేట్టు చెప్పడం. మన దగ్గర అది చెప్పేవాణ్ణి ఎవరూ ఎరగరు కాబట్టి, చెప్పినవాడు పిచ్చివాడిలా కనిపించాడు.

కస్టమర్లకు చెప్పొద్దన్నాక ఇక మిగిలింది పిల్లగాడు. వాడికి చెప్పాడు. "తమ్మీ, నీది బైపీసీ కదా. డీఫార్మసీకి ఎంట్రెన్స్ గూడ లేదు. ఇంటర్ మార్కులే. రెండేండ్లు సదువు, ఆ తర్వాత అయిదొందల గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. అయిపాయె!"

పిల్లగాడు లెక్కేసుకున్నాడు. రోజుకు పన్నెండు గంటల చొప్పున అయిదొందల గంటలంటే నెలన్నర కూడా కాదు. "అన్నా, తొమ్మిదేండ్ల సంది నిలబడ్డది లెక్కకు రాదా?"

"రాదు. అది అనుభవం. ఇది ట్రైనింగ్."

బావ పరీక్ష సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నిమిషం లేటైనా లోపలికి రానివ్వరని తెలుసు కాబట్టి సెంటరుకు రెండు గంటల ముందే వెళ్ళాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా చూసి అబ్జర్వరనుకుని కుర్చీ వేశారు, టీ కూడా తెప్పించారు. బావ టీ తాగేసి, నిదానంగా హాల్ టికెట్ తీశాడు. పరీక్షలో క్వాలిఫై అయ్యాడు. అందుకు నాలుగోవంతు మార్కులు, అంటే 40 వస్తే చాలు. ర్యాంకెంత అంటే "క్వాలిఫైడ్" అనే అంటాడు. రెండోసారి అడిగినా అంతే. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి కూర్చుని ప్రతి కాలేజీ ఫీజూ, బస్సు రూటూ, ల్యాబులూ పట్టిక వేశాడు. పట్టిక అద్భుతంగా వచ్చింది. అది పూర్తయ్యేసరికి గడువు తేదీ దాటింది.

అదే వారం పిల్లగాడు పుల్లారెడ్డి స్వీట్ల డబ్బాతో షాపుకొచ్చాడు. డీఫార్మసీలో సీటొచ్చింది, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీ. బావ వాడికిచ్చిన కాగితాలన్నీ వరసగా ఫైలులో కుట్టుకున్నాడట. డబ్బాలోంచి మొదటి ముక్క బావ నోట్లోనే పెట్టాడు. రెండో ముక్క అందుకోబోతున్న యజమానికి అప్పుడు వెలిగింది, రేపట్నుంచి కౌంటరు వెనక ఎవరని. నెమ్మదిగా బావ వైపు తిరిగాడు. బావ గోడ మీది ఫ్రేము వైపు తిరిగాడు. ఫ్రేములో ఉన్నాయన ఎప్పట్లాగే ఏమీ మాట్లాడలేదు.

సెక్షన్ 42 సంగతి నన్నడక్కండి. ఆ నెల్లో నేను దగ్గు మందుకని వెళ్ళినప్పుడు బావ స్టూలు మీద కూర్చుని బిల్లులు మాత్రం రాస్తున్నాడు, మందులు యజమాని తీసిస్తున్నాడు. అన్నానికని యజమాని ఇలా ఇంట్లోకి వెళ్ళాడో లేదో ముసలమ్మ వచ్చింది.

"ఆ పిల్లగాడు లేడా సారూ?"

"కాలేజీకి పోయిండమ్మా. నాలుగింటికొస్తడు."

"గట్లనా. అయితే కూసుంట."

బావ గోడ గడియారం చూశాడు. రెండున్నర. సొరుగులోంచి మడతల కాగితం ఒకటి తీసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఉత్తగ కూసునుడెందుకమ్మా? గీతున్న గోలీ కదా నీది. దాని గురించి రెండు ముక్కలు చెప్త, ఇను."