ఆకే కదోయ్!

ప్రతి కాలనీ పార్కులోనూ ఒక గ్రీన్‌టీ బాబాయి ఉంటాడు. తెల్ల బూట్లు, అడుగులు లెక్కపెట్టే గడియారం, స్కానింగు రిపోర్టులో 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ'. ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజే ఇంగ్లీషు మందుల మీద నమ్మకం పోయి ఆకుల మీద భక్తి కుదిరింది.

డాక్టరు రాసిన బీపీ బిళ్ల వేసుకునే ముందు అట్టపెట్టెలోని కాగితం మడతలు విప్పి, భూతద్దం పెట్టి చదువుతాడు. "చూశావటోయ్, ఎవడికో నాలుక దురద పెట్టిందట!" అని ఆ పూటకి బిళ్ల మానేస్తాడు. గ్రీన్‌టీ ఎక్స్‌ట్రాక్ట్ సీసా మీద మాత్రం పచ్చటి ఆకు బొమ్మ చాలు, వెనక్కి తిప్పి చూడడు.

"కప్పులో ఉండేదే కదోయ్ క్యాప్సూల్లోనూ!" అంటాడు. నిజమే, పేచీ అంతా ఎంత అన్నదాంతోనే. టీ కాచుకు తాగేవాళ్లకి అందులోని ఈజీసీజీ అనే పదార్థం సాధారణంగా రోజుకి 90 నుంచి 300 మిల్లీగ్రాములు అందుతుందని, మాత్రల్లో 800కి చేరితే కొందరికి లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. ఇంతలోపు అయితే ఢోకా లేదన్న హామీ కూడా ఇవ్వలేకపోయింది. ఎక్సోలైజ్ అనే గ్రీన్‌టీ బిళ్లని ఫ్రాన్సు, స్పెయిన్ 2003లోనే అమ్మకుండా ఆపేశాయి. బాబాయికి ఇవన్నీ మందుల కంపెనీల కుట్ర.

"పరగడుపున వేసుకుంటేనే ఒంటికి పడుతుందోయ్!" పడుతుంది మహానుభావా, వచ్చిన చిక్కే అది. ఖాళీ కడుపున ఈజీసీజీ రక్తంలోకి మరింత ఎక్కువగా చేరుతుంది.

"మరి మా వాకింగ్ మిత్రుడికి ఏమీ కాలేదే?" ఇదొక్కటీ మంచి ప్రశ్న. హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యురకం ఉన్నవాళ్లలో లివర్‌కి ఈ దెబ్బ ఎక్కువగా కనిపిస్తోంది. అది ఎవరి ఒంట్లో ఉందో మొహం చూసి చెప్పలేం. పైగా ఉన్న లివరే కొవ్వు పట్టి కూర్చుంటే, కొత్త దెబ్బకి తట్టుకునే ఓపిక దానికెక్కడిది?

ఒకరోజు బాబాయి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగుకి తిరిగింది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము అంకె చూసి డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, మందులా? నేనా?"

పిన్ని ఏమీ మాట్లాడలేదు. చేతిసంచిలోంచి ఒక సీసా, ఇంకో సీసా, మూడోది సగం ఖాళీది తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

క్యాప్సూళ్లు ఆపేశాక నెమ్మదిగా ఎంజైములు దిగాయి. బాబాయికి బుద్ధొచ్చిందనే అందరం అనుకున్నాం.

మొన్న పార్కులో చెవి దగ్గరికి వచ్చాడు. "పసుపు క్యాప్సూల్ చెప్పారోయ్. వంటింటి సరుకే, భయం లేదు. మిరియాల సారం కూడా కలిపారట, ఇట్టే ఒంటికి పట్టేస్తుందట!"

"బాబాయ్, పసుపు మాత్రలతో లివర్ చెడినవాళ్లలోనూ అదే జన్యురకం..." అనబోయాను.

ఆయన ఫోను చూసుకుంటున్నాడు. పార్సిల్ అప్పటికే బయల్దేరిందట.