వీపున సంచీ, వెంట చుట్టాలు

మా గజపతినగరంలో మనిషన్నవాడు ఊరు దాటాలంటే కారణం కావాలి. పెళ్ళో, చావో, ఆసుపత్రో, దేముడో. ఈమధ్య అమెరికాలో కూతురి కాన్పు కూడా చేరింది. వీటిలో ఏదీ లేకుండా మొగుడూ పెళ్ళాం ఇంటికి తాళం వేసి బయల్దేరారంటే, లోపలేదో జరిగిందన్నమాటే. ఎక్కడికని తర్వాత అడుగుతారు. ముందు "ఎవరికి బాగోలేదు?" అంటారు.

ఊరు చూస్తే ప్రయాణాలకే పుట్టినట్టుంటుంది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ పోయే జాతీయ రహదారి మా నడిమధ్యనుంచే వెళ్తుంది. రాయపూర్ వెళ్ళే రైళ్ళు మమ్మల్ని దాటే వెళ్ళాలి. చంపావతి కొండల్లో పుట్టి, మమ్మల్ని ఒరుసుకుని, కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. లారీలూ రైళ్ళూ ఏరూ అన్నీ పోతూనే ఉంటాయి. మేం మాత్రం అరుగు మీద కూచుని, పడమటి కొండల కేసి చూసి, "అటేపు మబ్బేసింది" అనుకుంటాం. ఆ కొండలకి అంతకు మించిన ఉపయోగం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా మా ఆవిడ చెల్లెలి కూతురూ అల్లుడూ డాలస్ నుంచి పెరూ దేశం వెళ్ళారు. వీపుకి చెరో సంచీ. కుస్కోలో దిగి, మచ్చుపిచ్చు ఎక్కి, టిటికాకా సరస్సు చూసి, అక్కణ్ణించి పసిఫిక్ ఒడ్డున ఎడారిలోకి దిగారు. రోజూ ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు. ఒకదాన్లో మంచుకొండ ముందు, ఇంకోదాన్లో ఇసక తిన్నె మీద. సంచీ మాత్రం అన్నిట్లోనూ ఉంది.

"పెళ్ళిలో కాసులపేరు బరువని ఏడ్చిందండీ ఈ పిల్ల!" అని మా ఆవిడ ఆ సంచీని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. తర్వాత ఫోను పక్కన పెట్టి, "మనమూ వెళ్దాం" అంది.

నేను కరెంటాఫీసులో రిటైరైన వాణ్ణి. ప్రమాదం ఎక్కడుందో ముందే పసిగట్టడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. "కుస్కో 3,400 మీటర్ల ఎత్తు. గాలి పల్చన. దిగీ దిగ్గానే తల తిరుగుతుంది. అందుకే కోకా ఆకుల టీ చేతిలో పెడతారు" అని భయపెట్టాను.

"ఇన్నేళ్ళుగా మీతో తిరుగుతూనే ఉంది. టీ ఎవరిచ్చారు?"

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆండీస్ అంటే ఏమిటి, కొండలే కదా. మనకి తూర్పు కనుమలున్నాయి. ఎడారి తీరమంటే సముద్రం పక్కన ఇసక. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి. పెరూలో నదులు కొండల్లో పుట్టి, ఎడారిని చీల్చుకుని సముద్రంలో పడతాయట. మన గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో పడటం లేదూ? ఆఖరికి బంగాళాదుంప, టమాటా కూడా ఆ ఆండీస్ కొండల సంతానమే. రోజూ మన క్యారేజీలోనే ఉన్నాయి. విమానం ఎందుకు?

నా వాదన అంతా విని, ఆవిడ కాదనలేదు. అదే నన్ను కంగారుపెట్టింది. "సరే. కానీ ఆ పిల్ల వెళ్ళినట్టే వెళ్ళాలి. వీపుకి సంచీ. కారు మాట్లాడకూడదు. చుట్టాలింటికి వెళ్ళకూడదు" అంది.

మొదటి రెండూ కష్టం. మూడోది అసంభవం.

మా అబ్బాయి ఇంజినీరింగు నాటి సంచీలు అటక మీంచి దింపాం. ఒక్కోదానికీ ఎన్ని పట్టీలో! నడుముకి కట్టేది ఛాతీకి కట్టి, ఛాతీది దేనికో తేలక వదిలేశాను. మా ఆవిడ పమిట సంచీ కింద పడి నలిగిపోయింది. పిన్నీసులన్నీ వాడాక, ఆవిడ వెనక్కి తిరగాలంటే చీరా సంచీ మనిషీ ముగ్గురూ కలిసి తిరగాల్సొచ్చేది. చీరకట్టుకి పనికొచ్చే ట్రెక్కింగు సంచీని ఎవరైనా తయారుచేస్తే ఈ దేశంలో బాగా గిట్టుబాటవుతుందని నా నమ్మకం.

వీధి మొగలోనే ఎదురింటి పెద్దావిడ పట్టుకుంది.

"ఓలమ్మా, ఏటమ్మా ఈ వాలకం? కోడలేటైనా అన్నాదా?"

"కోడలు బెంగుళూరులో ఉంది పిన్నీ!"

"ఫోన్ల అన్నాదేటి?"

ఏం చెప్పినా కోడలి తప్పు రుజువవుతోంది. బస్సు వచ్చింది, లేకపోతే ఆ పిల్ల కాపురం అక్కడే తీర్పుకి వచ్చేది.

బస్సులో ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి టిక్కెట్టు లేదు. అరవై దాటిన మగవాడికి పాతిక శాతం తగ్గింపు. కండక్టరు ఆవిడ చేతిలో జీరో టిక్కెట్టు పెట్టి, నా వైపు చెయ్యి చాపాడు. "ఈ లెక్కన పెరూ వెళ్ళినా మీ ఒక్కరి ఖర్చే" అంది మా ఆవిడ. అక్కడ ఏపీఎస్‌ఆర్టీసీ లేదని చెప్పాను.

మేం బయల్దేరింది కార్తీక మాసంలో. అదే కొంప ముంచింది. విజయనగరంలో బస్సు మారి శృంగవరపుకోటలో దిగిన దగ్గర్నుంచి అడిగినవాడల్లా మమ్మల్ని పుణ్యగిరి శివుడి దగ్గరికి పంపాలనే చూశాడు. రైలు స్టేషను ఎటని అడిగితే, "ముందు దండం పెట్టుకోండి బాబూ, రైలెక్కడికి పోద్ది" అని ఒకాయన ఆటోవాణ్ణి కూడా పిలిచేశాడు. కొండకి కాదు, ఊరికే తిరగడానికి వచ్చామన్నాను. ఆయన మా ఆవిడ కేసి జాలిగా చూసి, గొంతు తగ్గించి, "పిల్లలు సూడ్డం లేదేటమ్మా?" అన్నాడు.

కిరండూల్ పాసింజరులో జనరల్ పెట్టె ఎక్కాం. 2017లో అద్దాల పెట్టె కూడా వేశారు గానీ, మా ఒప్పందంలో అద్దాలు లేవు. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. ఈ లైను మనం అరకు చూడ్డానికి వేసింది కాదు. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాను పంపడానికి కొండల్ని తొలిచారు. పెరూలోనూ అంతే. అక్కడ దాదాపు 4,780 మీటర్ల ఎత్తులో గలేరా అనే స్టేషనుంది. చైనావాళ్ళు 2006లో టిబెట్‌కి రైలు వేసేదాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తుకి ఎక్కే రైలు లైను అదే. అదీ గనుల కోసమే. కొండ మీద అందం ఉందని ఏ సర్కారూ పట్టాలు వెయ్యలేదు. కింద లోహం ఉంటే వేసింది. అందం సంగతి తర్వాత మనం చూసుకున్నాం.

సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా ఒకటే కేక. అదో ఆచారం. మొదటి సొరంగంలో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రెండోదాంట్లో తనూ చిన్నగా అరిచింది. ఆ తర్వాత పిల్లలు ఊరుకున్నా తను ఊరుకోలేదు. కరెంటు పోతే కూడా నోరెత్తని మనిషి! ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో నాకు తెలియదు. పక్కన బుట్టతో కూచున్న గిరిజన ముసలమ్మ నవ్వి, మాకు చెరో సీతాఫలం ఇచ్చి, ఎక్కడికనీ ఎందుకనీ ఒక్క ముక్క అడగలేదు. ఆ ప్రయాణం మొత్తానికి మమ్మల్ని కారణం అడగని మనిషి ఆవిడొక్కర్తే.

బొర్రాలో దిగాం. సున్నపురాతిలో నీరు చుక్క చుక్కగా యుగాల పాటు చేసిన పని అది. గైడు టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది మొసలి, ఇది మనిషి మెదడు అని చూపించాడు. అందరూ మొసలిని చూస్తుంటే నేను ఆ రంగురంగుల లైట్ల తీగలు ఎటు పోతున్నాయా, అంత తడిలో ఎర్తింగు సరిగ్గా ఉందా అని చూశాను. మా ఆవిడ చెంగుతో నా మొహం పట్టి మొసలి వైపు తిప్పింది.

బొర్రా నుంచి అరకు వెళ్ళే దారిలో శిమిలిగూడ స్టేషను దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. ఒకప్పుడు బ్రాడ్‌గేజిలో దీనికి మించిన ఎత్తు స్టేషను దేశంలో లేదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అక్కడ నాకు కొంచెం ఆయాసం వచ్చింది. ఎత్తు వల్ల గాలి పల్చబడిందన్నాను. "సంచీలో రెండు కేజీల చేగోడీలు పెట్టారు మీరు" అంది ఆవిడ. దింపుదామంటే ఒప్పుకోలేదు. తినమంది. అరకు చేరేసరికి గాలి కొంచెం చిక్కబడింది.

అరకులో వలిసె పూలు విరగబూసి ఉన్నాయి. కొండవాలంతా పసుపు. చేలో దిగి ఫొటో తీసుకోవాలంటే రైతు డబ్బులడిగాడు. అడగాలి మరి. పువ్వు తొక్కి పోతే గింజెవడిస్తాడు, నూనె ఎవడిస్తాడు? ఇక్కడి కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు ముందే పారిస్‌లో కొట్టు కూడా తెరిచారు. మేం తాగింది రోడ్డు పక్క బడ్డీలో. బాగుంది. పక్క బడ్డీలో బొంగు చికెన్ కాలుతోంది. వెదురులోంచి వచ్చే ఆ వాసనకి మనిషి మతం మార్చుకోవచ్చు. నేను అటు చూశాను. మా ఆవిడ నన్ను చూసింది. కార్తీక మాసం. టమాటా పచ్చడితో చద్ది తిన్నాం, ఆండీస్ అనుకుని.

కొండ దిగడం బస్సులోనే. తాటిపూడి దగ్గర గోస్తనీ మళ్ళీ కనిపించింది, ఆనకట్ట వెనక బుద్ధిగా. ఆ నీళ్ళే విశాఖవాళ్ళు తాగుతారు. అక్కణ్ణించి ఏటి వెంబడే పద్మనాభం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి ఒరిగిపోయిన చోటు. అక్కడ అడుగుపెట్టగానే మా ఆవిడ నడక వేగం పెంచింది. నేను చరిత్ర చెప్పబోతుంటే, "మీ మేనత్త తోటికోడలిది ఈ ఊరే. నోరుమూసుకుని నడవండి" అంది. యుద్ధభూమిని తలొంచుకుని దాటాం.

భీమిలి ఎర్రమట్టి దిబ్బలు మాత్రం నిజంగా వేరే దేశమే. ఏనాడో సముద్రం వెనక్కి పోయినప్పుడు గాలి ఎత్తి పోసిన ఇసక అది. వేల ఏళ్ళు గడిచాక అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. భూగర్భ శాస్త్రజ్ఞులు 2014లో దాన్ని జాతీయ వారసత్వ స్థలమన్నారు. సినిమావాళ్ళు అంతకన్నా ముందే కనిపెట్టి డ్యూయెట్లు తీశారు. పెరూ తీరాన చల్లటి హంబోల్ట్ ప్రవాహం వల్ల వాన చుక్క పడదు, అందుకే అక్కడ ఎడారి అని నేను వివరిస్తున్నాను. బంగాళాఖాతానికి ఆ సంగతి తెలీదు. అల్పపీడనం పట్టింది. మా ఎడారి మీద ఏకధాటిగా వాన కొట్టింది. ఎర్రనీళ్ళు కాలవలు కట్టి మా కాళ్ళ కిందనుంచే దిబ్బల్ని కోసుకుంటూ పోయాయి. ఆ దిబ్బలకి ఆ లోయలు ఎలా ఏర్పడ్డాయో చదువుకోనక్కర్లేదు, గొడుగు లేకుండా నిలబడితే చాలు.

మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో భీమిలి బస్టాండులో నిలబడ్డాం. ఎవరూ గుర్తుపట్టే అవతారం కాదని ధైర్యంగా ఉన్నాం.

"అప్పా! బావా! ఇదేటి ఇలగైపోనారు?"

మా ఆవిడ పినతల్లి కొడుకు. భీమిలిలో చేపల వలల వ్యాపారం. సంచీలు తనే లాక్కున్నాడు. దారిలోనే మా అబ్బాయికి ఫోను కొట్టేశాడు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కునేలోపు బెంగుళూరు నుంచి కోడలు ఏడుపు గొంతుతో, "అత్తయ్యా, నేనేమైనా అన్నానా?" అని. ఎదురింటి పెద్దావిడ ఎవరికి చెప్పిందో, ఎటు తిరిగి అక్కడికి చేరిందో! ఆ తర్వాత మేనత్త తోటికోడలు కూడా ఫోను చేసింది, పద్మనాభంలో మమ్మల్ని చూసి కూడా పలకరించలేదట, మేమే పలకరిస్తామేమో చూద్దామని.

వేడన్నం, చారు పెట్టారు. తినడం అయ్యాక మా ఆవిడ నెమ్మదిగా అంది, "ఏమండీ, అమెరికా వీసా ఉన్నవాళ్ళకి పెరూ వీసా అక్కర్లేదట. అమ్మాయి కాన్పుకి తీసుకున్నది ఇంకా ఉంది కదా. అక్కడైతే మనకెవరూ లేరు."

తమ్ముడు చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "పెరూయా? లిమాలోనా? మా తోడల్లుడి మేనల్లుడు అక్కడే మందుల కంపెనీల ఉన్నాడప్పా. నెంబరు రాసుకో."

మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది.

"లిమా వద్దులెండి," అంది నాతో. "విమానం దిగి తిన్నగా కొండల్లోకి పోదాం."