సెల్లార్‌లో సీనియర్ ఆర్కిటెక్ట్

కొండాపూర్ నుంచి మణికొండ దాకా ఏ అపార్టుమెంటు సెల్లార్‌లోకైనా ఆదివారం పొద్దున తొమ్మిదింటికి దిగి చూడండి. ఎక్కడో ఒకచోట ఒక బానెట్ లేచి ఉంటుంది. దాని కింద సగం మనిషి. నుదుటికి హెడ్‌ల్యాంపు, చేతులకు నల్ల గ్లౌజులు, పక్కన లేబులు కూడా ఊడని టూల్‌కిట్, బ్యాటరీకి ఆనించిన ఫోన్‌లో ఎవరో మలయాళీ కుర్రాడు ఇదే పని చకచకా చేసేస్తున్న వీడియో. వారంలో ఐదు రోజులు ఈయన నానక్‌రామ్‌గూడలో సీనియర్ ఆర్కిటెక్ట్. మిగతా రెండు రోజులు మెకానిక్. రెండో ఉద్యోగానికి జీతం లేదు, ఖర్చే.

ఈ తత్వం సర్వీసు బిల్లు దగ్గర పుడుతుంది. ‘థ్రాటిల్ బాడీ క్లీనింగ్’ అని ఒక పద్దు, దాని కింద ‘కన్జూమబుల్స్’ అని ఇంకో పద్దు. పిల్లల స్కూలు ఫీజు కిక్కురుమనకుండా కట్టే మనిషి ఈ రెండో పద్దు దగ్గర ఆగిపోతాడు. గుడ్డముక్కకీ స్ప్రే డబ్బాకీ ఇంతా? పైగా 2018లో మైండ్‌స్పేస్ దగ్గర ఐకియా తెరిచాక ఈ చుట్టుపక్కల మగవాళ్లకి చేతిపని మీద వచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు. అలమరా బిగించినవాడు ఇంజిన్ విప్పలేడా అన్నది వాళ్ల వాదన. ఆ అలమరా తలుపు ఇప్పటికీ దానంతటదే తెరుచుకుంటుందన్న సంగతి వాదనలోకి రాదు.

లోపల ఇంకో కారణం కూడా ఉంది. చేతక్. తెనాలిలో నాన్నగారు ఆఫీసుకి బయల్దేరేముందు స్కూటర్ని ఓ పక్కకి వంచి, లేపి, కిక్కు కొట్టేవారు. మాట వినకపోతే ప్లగ్గు ఊడదీసి, గరుకు కాగితంతో మసి గీకి, ఉఫ్‌మని ఊది పెట్టేవారు. బండి స్టార్టయ్యేది. ఒక సిలిండరు, ఒక ప్లగ్గు, ఒక తండ్రి. ఆ విద్య తనకీ దిగిందని మనవాడి నమ్మకం. దిగింది ఊదడం వరకే. ఇప్పుడు ఎదురుగా ఉన్నవి నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్, అన్నిటి మీదా పెత్తనం చేసే కంప్యూటరు. ప్లగ్గులు ఇరిడియంవి. ఆ సన్నటి మొన మీద గరుకు కాగితం పెడితే అంతే సంగతులు.

ఆ మాట వీడియోలో విన్నాడు గనక గీకకుండా కొత్తవి తెప్పించాడు. శ్రద్ధగానే మార్చాడు. రెండో సిలిండరుది మాత్రం చేజారి గచ్చు మీద టంగుమని పడి, పక్కవాళ్ల కారు కిందికి దొర్లింది. తీసి టీషర్టుకి తుడిచి బిగించేశాడు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. ఆయన పెట్టుకోడు.

సోమవారం బయోడైవర్సిటీ జంక్షన్ సిగ్నల్ దగ్గర కారుకి వణుకు పుట్టింది. స్టీరింగు అదురుతోంది, పికప్ లేదు, చెక్ ఇంజిన్ లైటు కొట్టుకుంటోంది. ఆ లైటు నిలకడగా వెలిగితే తీరిగ్గా చూపించుకోవచ్చు. కొట్టుకుంటోందంటే మాత్రం, సిలిండర్లో కాలని పెట్రోలు పొగగొట్టం దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేసే ప్రమాదం ఉందని అర్థం. దాని ఖరీదు తెలిస్తే ‘కన్జూమబుల్స్’ పద్దుని కళ్లకద్దుకుంటాం. మామూలు మనిషైతే హడలిపోతాడు. మనవాడి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి అసలైన ఇష్యూ ఒకటి దొరికింది.

ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాడు. మొదటి ముద్దాయి పెట్రోలు. మన పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది 2025లో. అప్పటి నుంచి సైబరాబాద్‌లో ఏ కారు దగ్గినా నేరం ఇథనాల్‌దే. రెండో ముద్దాయి ఎలుకలు. ఇది తీసిపారేయాల్సిన అనుమానం కాదు, వానాకాలం సెల్లార్లలో అవి వైర్లు కొరకడం నిజమే. కానీ కొరికిన వైరు ఒక్కటీ దొరకలేదు. మూడోది తేమ. నాలుగోది కారు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో బగ్గు. “వీళ్లు టెస్టింగ్ సరిగ్గా చెయ్యరు” అన్నాడు భార్యతో. ఆవిడ టెస్టింగ్ లీడ్.

“శనివారం దాకా బాగానే ఉందిగా?”

“కోరిలేషన్ ఈజ్ నాట్ కాజేషన్.”

“ఆదివారం ఏం చేశావు?”

“ప్రివెంటివ్ మెయింటెనెన్స్.”

ఆవిడ మర్నాటికి క్యాబ్ బుక్ చేసుకుంది.

ఈ మనిషిని చూస్తే నాకు అబ్బురం కలిగేది ఇక్కడే. అర్ధరాత్రి క్లయింటు సర్వర్ పడిపోతే కాల్‌లోకి వచ్చి ఈయన అడిగే మొట్టమొదటి ప్రశ్న, “చివరగా ఎవరు ఏం మార్చారు?” కుర్రాళ్లు నీళ్లు నములుతుండగానే, మార్చినదాన్ని వెనక్కి తీయించి సర్వర్ లేపుతాడు. ఆఫీసులో ఆయనకున్న పేరంతా ఆ ఒక్క ప్రశ్న మీద వచ్చిందే. సెల్లార్‌లో ఆ ప్రశ్న వేద్దామంటే కుర్రాళ్లు లేరు.

బుధవారానికి బ్లూటూత్ స్కానర్ వచ్చింది. స్టీరింగు కింద గుచ్చితే పీ0302 అని చూపించింది. రెండో సిలిండరు సరిగ్గా అంటుకోవడం లేదని దాని భావం. ఇక్కడ మనవాడు నిజంగా తెలివైన పని చేశాడు, ఒప్పుకోవాలి. రెండో కాయిల్ని మూడుకి, మూడోదాన్ని రెండుకి మార్చాడు. దోషం కాయిల్‌దైతే కోడు పీ0303 కావాలి. కాలేదు. అంటే కాయిల్ మంచిదే. ఇక ప్లగ్గన్నా అయ్యుండాలి, ఇంజెక్టరన్నా అయ్యుండాలి. ప్లగ్గు కొత్తది, పైగా పెట్టింది తను. కనుక ఇంజెక్టరు. షీటులో ఆ గడికి ఎర్రరంగు వేసి, ఇంజెక్టర్ ఊడదీసే వీడియో వెతుకుతున్నాడు. గురువారం పొద్దున భార్య తాళాలు లాక్కుని కారుని మసీదుబండ దగ్గరి రేకుల షెడ్డుకి తోలుకెళ్లింది. మనవాడు ల్యాప్‌టాప్ పట్టుకుని పక్క సీట్లో కూచున్నాడు.

ఆ షెడ్డు భాయ్‌ది సైబర్ టవర్స్ తెరిచిన 1998 నాటికే పానా పట్టిన చెయ్యి. ఆ భాయ్ షాపుకి శుక్రవారమే సెలవు. ఆదివారం సాయంత్రం గిరాకీని ఏ మెకానిక్కూ వదులుకోడు. షీటు చూపించబోతే, “మిస్సింగ్ ఉంది సాబ్, ఇనబడ్తుంది” అన్నాడు. ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో కాయిల్ కనెక్టర్ పీకి, పెడుతూ పోయాడు. మొదటిది పీకితే ఇంజిన్ ఇంకా కుంటింది. మూడోది, నాలుగోది కూడా అంతే. రెండోది పీకితే ఏ మార్పూ లేదు. బెంచి మీదున్నవాడు సెలవు పెడితే ప్రాజెక్టుకేం తెలుస్తుంది? ప్లగ్గు తీసి ఎండలో తిప్పాడు. తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత నల్లగీత. కాయిల్ పంపే వేల వోల్టులు మొన దగ్గర నిప్పురవ్వై దూకకుండా, ఆ పగుల్లోంచి దొంగదారిన జారుకుంటున్నాయి.

“కింద పడ్డదా సాబ్?”

“ఆన్‌లైన్ ప్యాకింగ్ అలా ఏడిసింది” అన్నాడు మనవాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్ తీసి ఏదో రాసుకుంది.

భాయ్ కొత్త ప్లగ్గుని వేళ్లతో తిప్పి, పానాతో చివరి పట్టు పట్టాడు. మనవాడు ఊరుకోలేకపోయాడు. ప్లగ్గుని చేతి అంచనాతో బిగించకూడదనీ, కంపెనీ చెప్పిన న్యూటన్ మీటర్ల లెక్కలో బిగించాలనీ, అందుకు టార్క్ రెంచి అని ఒకటుంటుందనీ వివరించాడు. “జీ సాబ్” అన్నాడు భాయ్. ప్లగ్గు ఖరీదు మీద రెండొందలు తీసుకున్నాడు.

టార్క్ రెంచి శనివారం వచ్చింది. ఆ మధ్యాహ్నమే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో స్పార్క్ ప్లగ్గుల ఎంపిక మీద పొడుగాటి మెసేజ్ పడింది. అందులో ప్యాకింగ్ గురించే మూడు పేరాలు. రేపు బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నాననీ, ఆసక్తి ఉన్నవాళ్లు దిగి రావచ్చనీ చివర్లో ఆహ్వానం. వాచ్‌మన్ ఆ గ్రూపులో లేడు. అయినా కబురెలా అందిందో, ర్యాంపు దిగువన పెట్టుకునే తన సైకిల్ని ఆ రాత్రే లిఫ్టు వెనక్కి మార్చుకున్నాడు.