ఒక్క రోజులో సవన్నా: కూర్చోకుండా చూసే పద్ధతి

అట్లాంటా నుంచి సవన్నాకి రోడ్డు మీద సుమారు 250 మైళ్ళు. 1864 నవంబరు 15న, అమెరికా అంతర్యుద్ధంలో, ఉత్తరాది జనరల్ షెర్మన్ అరవై వేల సైన్యంతో ఇదే దిక్కుగా బయలుదేరి, దోవలో రైలు పట్టాలు పీకి, కాల్చి, మెలితిప్పుకుంటూ డిసెంబరు 21కి గానీ ఊరు చేరలేదు. మీకు ట్రాఫిక్ కలిసొస్తే నాలుగు, నాలుగున్నర గంటలు. కాబట్టి ఆల్ఫరెట్టాలోనో కమింగ్‌లోనో కాపురముండే తెలుగు దంపతులు శనివారం పొద్దున వెళ్ళి, ఊరంతా చూసేసి, రాత్రికి ఇంటికొచ్చి పడుకోవచ్చు. హోటలు ఖర్చు ఉండదు. ఊరు గుర్తుండే బాధ కూడా ఉండదు.

తెల్లారగట్ల అయిదింటికి బయలుదేరాలని రాత్రే తీర్మానించుకుని, ఎనిమిదింటికి బయలుదేరండి. ఆ మూడు గంటలు ఎవరి వల్ల పోయాయన్న చర్చ మేకన్ దాకా వస్తుంది. మేకన్‌లో ఐ-75 వదిలి ఐ-16 ఎక్కాక రెండున్నర గంటల పాటు రెండు పక్కలా పైన్ చెట్లు తప్ప ఏమీ ఉండవు. మామూలు రోజుల్లో తీరిక దొరక్క మూలన పడేసిన విషయాలు, అంటే పెళ్ళిలో మా పెద్దత్తకి పెట్టిన చీర, మీ తమ్ముడికి ఇచ్చిన అప్పు వగైరా, ఇక్కడ బయటికి తియ్యండి. ఇద్దరిలో ఒకరు ఏ గంటకి ఏం చూడాలో ఎక్సెల్ షీట్ తయారు చెయ్యాలి. రెండోవారు దాన్ని తెరిచి చూడకూడదు.

ఊళ్ళోకి రాగానే కారు ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. ఈ విషయంలో నా గురువులు 1954 నాటి సవన్నా పెద్దలు. ఎల్లిస్ స్క్వేర్‌లో ఉన్న పాత మార్కెట్‌ని పడగొట్టి, దాని స్థానంలో కార్ల గ్యారేజీ కట్టించిన దూరదృష్టి వాళ్ళది. ఆ ఊపు అలాగే సాగి ఉంటే ఈపాటికి ఊరంతా చక్కటి పార్కింగ్ అయ్యుండేది. మరుసటి ఏడాదే ఏడుగురు ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. పడగొట్టబోతున్న డావెన్‌పోర్ట్ హౌస్‌ని చందాలేసుకుని కొని, హిస్టారిక్ సవన్నా ఫౌండేషన్ అని ఒకటి పెట్టి, ఆ తర్వాత ఒక్కో పాత ఇల్లూ కాపాడుకుంటూ పోయారు. చివరికి ఆ గ్యారేజీని కూడా తీసేసి, 2010లో స్క్వేర్‌ని మళ్ళీ తెరిచి, కార్లని దాని కిందికి, భూగర్భంలోకి పంపారు. మీరు అక్కడ పెట్టుకోవచ్చు. పెట్టుకోకండి. అక్కడ పెడితే నడవాల్సొస్తుంది. కార్లోంచే చూడండి.

కార్లోంచి చూడ్డం ఎంత హాయో చెబుతాను. 1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ ఇంగ్లండు నుంచి వచ్చి నదొడ్డున ఈ ఊరికి గీత గీసినప్పుడు, ఒక్కో పేటకీ నడుమ ఒక ఖాళీ స్థలం వదిలాడు. దాని ఉత్తరాన, దక్షిణాన కలిపి 40 ఇళ్ళ స్థలాలు. తూర్పున, పడమట చర్చికీ, అంగడికీ, నలుగురికీ పనికొచ్చే కట్టడాలకీ జాగాలు. ఊరు పెరిగిన కొద్దీ ఇదే అచ్చుని పక్కన, ఆ పక్కన దించుకుంటూ పోయారు. అలా 24 స్క్వేర్‌లయ్యాయి, 22 మిగిలాయి. రోడ్డు ఏదైనా సరే, రెండు మూడు వీధులు దాటేసరికి ఒక చెట్లతోపు ఎదురొచ్చి, కారుని వేగం తగ్గించి చుట్టూ తిరిగి పొమ్మంటుంది. అదీ అప్రదక్షిణంగా. నాలుగో స్క్వేర్ దగ్గర డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్ళు జీపీఎస్‌ని తిట్టాలి. ఏడో దాని దగ్గర పక్క సీట్లో ఉన్నవాళ్ళని. "ఇందాక చూసిందేగా ఇది?" "కాదు, ఇందాకటి దాంట్లో విగ్రహం ఉంది." "దీన్లోనూ ఉంది." ఇలా 22 పూర్తి చెయ్యొచ్చు.

కాదూ కూడదని కారు దిగారా, ఒక ప్రమాదం పొంచి ఉంది. ప్రతి స్క్వేర్‌లోనూ బెంచీలుంటాయి. వాటి మీద లైవ్ ఓక్ చెట్ల నీడ ఉంటుంది. కొమ్మల్నించి బూడిద రంగులో స్పానిష్ మాస్ జడలు జడలుగా వేలాడుతుంటుంది. గాలి ఆడితే అది కూడా మెల్లిగా ఊగుతుంది. ఒక్కసారి కూర్చుంటే మీ షీటు మూతపడిపోతుంది. ఈ ఊరి కుట్రంతా మనుషుల్ని కూర్చోబెట్టడానికే. లొంగకండి. ఆ మాస్‌ని మాత్రం వదలొద్దు. పేరుకే మాస్, నిజానికి అనాస కుటుంబపు మొక్క. కొమ్మ మీద ఉన్నది కాకుండా నేల మీద రాలి పడి ఉన్నది ఏరుకుని, ఆయన గడ్డంగానూ ఆవిడ సవరంగానూ పెట్టుకుని సెల్ఫీ దిగండి. నేల మీది దాంట్లో చిగ్గర్స్ అనే కంటికి ఆనని ఎర్ర పురుగులు చేరతాయి. దురద రెండో రోజుకి కూడా తగ్గదు. ట్రిప్పు గుర్తుగా ఏదో ఒకటి ఉండాలిగా.

చిప్పెవా స్క్వేర్‌లో ఫారెస్ట్ గంప్ బెంచీ కోసం వెతకండి. సినిమా కోసం తెచ్చి పెట్టిన బెంచీ అది, షూటింగ్ అవగానే తీసేశారు, ఒకటి మ్యూజియంలో ఉంది అని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగు మూలలా నాలుగు బెంచీల మీద ఫొటోలు దిగితే ఏదో ఒకటి కాకపోదు. నడుమ నిలబడ్డ కంచు మనిషే ఓగల్‌థార్ప్. దక్షిణం వైపు చూస్తుంటాడు, ఆ రోజుల్లో ఫ్లోరిడాలో ఉన్న స్పెయిన్ వాళ్ళ మీద కన్నేసి. ఈయన పెట్టిన వలసలో మొదట రమ్ము, లాయర్లు, బానిసత్వం మూడూ నిషేధం. మూడూ నిలవలేదు. బానిసత్వం మీది నిషేధాన్ని 1751లో ఎత్తేశారు. ఇక రమ్ము సంగతంటారా, పాత పేటలో ఇప్పుడు 16 ఔన్సుల లోపు ప్లాస్టిక్ గ్లాసులో పోయించుకుని వీధిలో దర్జాగా తిరగొచ్చు. మీలో డ్రైవింగ్ చెయ్యనివారు ఆ గ్లాసు పట్టుకుని, కొత్త హీల్స్‌తో లేదా నున్నటి అడుగున్న పెళ్ళిరోజు బూట్లతో, రివర్ స్ట్రీట్‌కి దిగే పాత రాతి మెట్లు దిగండి. ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. మీ జాగ్రత్త మీదేనని బోర్డు కూడా రాసి పెట్టారు. లిఫ్టు ఉందేమోనని అడగడం నామోషీ. కింద వీధిలో పరిచినవి ఓడల రాళ్ళు: సరుకు లేకుండా వచ్చే ఓడలు తూగకుండా అడుగున వేసుకొచ్చి, ఇక్కడ పత్తి ఎక్కించుకోవడానికి దించేసి పోయినవి. ఒక్కటీ సమంగా ఉండదు. ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ రాష్ట్రంలో లేదు గానీ, ఆ టైములో మీరు పార్కింగ్ యాప్‌లో ఉండాలి.

రైట్ స్క్వేర్‌లో ఒక పెద్ద స్తంభాల కట్టడం, ఒక మూలగా ఒక గండశిల ఉంటాయి. కట్టడానికే ఫొటో తియ్యండి. అది ఒక రైల్వే కంపెనీ అధిపతిది. ఓగల్‌థార్ప్‌కి ఊరు కట్టుకోవడానికి చోటిచ్చిన యమక్రా తెగ పెద్ద తోమోచిచి 1739లో పోతే, గౌరవంగా ఊరి నడుమ ఇక్కడే పూడ్చిపెట్టారు. 1883లో రైల్వే ఆయన స్మారకం కోసం ఆ సమాధి దిబ్బని చదును చేశారు. సిగ్గేసి 1899లో పక్కన ఆ బండ పెట్టారు. బండకి లైకులు రావు.

అలాగే మేడిసన్ స్క్వేర్‌లో గ్రీన్-మెల్‌డ్రిమ్ ఇల్లు. పోత ఇనప వరండా, పచ్చటి తోట, మీ పట్టుచీరకి బాగా నప్పే నేపథ్యం. షెర్మన్ దిగింది ఈ ఇంట్లోనే. 150 ఫిరంగులు, 25,000 బేళ్ళ పత్తితో సహా సవన్నాని క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని లింకన్‌కి తంతి కొట్టింది ఆ రోజుల్లోనే. అంతవరకు గైడు చెబితే నవ్వి, కదిలి వచ్చెయ్యండి. ఆగారో, 1865 జనవరి 12 సాయంత్రం ఇదే ఇంటి మేడ మీదికి 20 మంది నల్లవారి చర్చి పెద్దలు వచ్చిన సంగతి వినాల్సొస్తుంది. వాళ్ళలో చాలామంది ఒకప్పటి బానిసలే. మీకేం కావాలని అడిగితే, సొంతంగా దున్నుకునే నేల అన్నారు. నాలుగు రోజుల తర్వాత కుటుంబానికి 40 ఎకరాల లోపు చొప్పున సముద్ర తీరపు భూములు ఇస్తూ షెర్మన్ ఉత్తర్వు వేశాడు. ఆ ఏడాది తిరిగేలోగానే కొత్త అధ్యక్షుడు దాన్ని వెనక్కి తీసుకుని, భూములు పాత దొరలకే అప్పజెప్పాడు. పట్టాలు చేతికిచ్చి లాక్కోవడం గురించి మనవైపు నుంచి వచ్చినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే వినొద్దనేది.

ఇక ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. దీన్ని షీటులోంచి ముందే కొట్టెయ్యండి. పగలంతా దొర పని చేసిన బానిసలు రాత్రిళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న గుడి ఇదని చర్చివాళ్ళు చెబుతారు. 1859లో పూర్తయింది. కింది హాల్లో చెక్క నేల మీద అక్కడక్కడా చిన్న చిన్న కన్నాలు వజ్రపు ఆకారంలో, లోపల శిలువ వచ్చేట్టు తొలిచి ఉంటాయి. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు గుర్తు అది. చూసిన దొరలు ఏదో ముగ్గనుకునేవారు. నేల కింద ఖాళీ ఉందనీ, పారిపోయి వచ్చినవాళ్ళు అందులో దాక్కుంటే ఊపిరాడ్డానికే ఆ కన్నాలనీ చర్చిలో చూపిస్తూ చెబుతారు. మీరు వంగి, వేలు పెట్టి చూస్తారు. ఆవిడ చూస్తుంది. కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. అదే 1859 మార్చిలో, ఊరి బయట గుర్రప్పందేల మైదానంలో, రెండు రోజుల పాటు కురిసే వానలో, ఒకే దొరకి చెందిన నాలుగు వందల పైచిలుకు మనుషుల్ని వేలం వేశారని కూడా ఎవరో ఒకరు చెబుతారు. 'వీపింగ్ టైమ్' అంటారు ఆ రెండు రోజుల్నీ. ఇంత విన్నాక బ్రౌటన్ స్ట్రీట్‌లో 1919 నాటి లియోపాల్డ్స్ ఐస్‌క్రీమ్ ముందు గంటసేపు క్యూలో నిలబడే ఓపిక ఎవరికుంటుంది? షీటులో ఐస్‌క్రీమ్‌కి గంట కేటాయించి ఉంది.

భోజనం సంగతి. జోన్స్ స్ట్రీట్‌లో మిసెస్ విల్క్స్ వారి పంక్తి భోజనాలు ప్రసిద్ధం, ముక్కూ మొహం తెలియని పదిమందిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి గిన్నెలు అందించుకోమంటారు. వారాంతంలో మూసి ఉంటుంది కాబట్టి శనివారమే వెళ్ళండి. ఇంకెక్కడైనా శాకాహారులు ఆకుకూరే కదా అని అడక్కుండా కాలర్డ్ గ్రీన్స్ తెప్పించుకోండి. అందులో పంది మాంసం వేసి ఉడికించడం ఇక్కడి ఆనవాయితీ అని రెండో ముద్దకి తెలుస్తుంది. కూలర్‌లో పులిహోర ఉంది, కానీ కూలర్ కార్లో ఉంది, కారు ఏ స్క్వేర్ పక్కన పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

బోనవెంచర్ శ్మశానం ఊరికి తూర్పున మూడు నాలుగు మైళ్ళు. అయిదింటికి గేటు వేసేస్తారు కనక నాలుగూ నలభైకి బయలుదేరండి. 'మిడ్‌నైట్ ఇన్ ద గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్' పుస్తకం అట్ట మీది పాప బొమ్మ కోసం సమాధుల మధ్య పరుగులు పెట్టండి. చూడ్డానికొచ్చే జనం తాకిడి తట్టుకోలేక దాన్ని ఎప్పుడో మ్యూజియానికి తరలించారు. ఇందాక ఊళ్ళో మీరు టికెట్ దండగని వదిలేసింది ఆ మ్యూజియమే.

రాత్రికి దెయ్యాల టూరు తప్పనిసరి. పైకప్పు కోసేసిన శవాల బండిలో కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతారు. రోజంతా కూర్చోకుండా ఉన్నందుకు ఇదొక్కటే బహుమానం, అందుకని నిద్రపోకండి.

తొమ్మిదిన్నరకి ఐ-16 ఎక్కుతారు. మళ్ళీ పైన్ చెట్లే, ఈసారి చీకట్లో, మధ్యమధ్య రోడ్డు దాటే జింకలతో. వాట్సాప్ గ్రూపులో 184 ఫొటోలు పెట్టండి. ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగుంది గానీ ఒక పూట చాలు, పార్కింగే కష్టం అని రాయండి. చార్లెస్టన్ అక్కణ్ణించి రెండు గంటలే అని ఎవరో జవాబిస్తారు. చూశారా, మధ్యాహ్నం ఆ చర్చి దగ్గర ఆగకపోతే అది కూడా అయిపోయేది.