బావ తాళాలు

మా బావ తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీకి సర్వర్లు చూసుకుంటాడు. కాపురం బైరాగిపట్టెడలో. ఇట్లాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకడుంటాడు. బస్సులో పక్కసీటాయన తుమ్మినా ఫోను బోర్లా పెట్టేస్తాడే, ఆ రకం.

మొన్న అక్కావాళ్లింట్లో సంగటి తింటా వైఫై పాస్‌వర్డు అడిగినాను. తప్పు నాదే. ముద్ద చేత్తో పట్టుకునే మొదలుపెట్టినాడు.

"టెల్నెట్ కాలంలో పాస్‌వర్డు తీగ మీద ఒంటిమీద గుడ్డ లేకుండా పోయేది బామ్మర్దీ. 1995లో ఫిన్లాండులో ఒక యూనివర్సిటీ నెట్‌వర్కులో దొంగలు వాటిని ఏరుకున్నారు. అప్పుడే పాస్‌వర్డుకు గుడ్డ కప్పేదానికి తాతు ఉలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాసినాడు."

ఆ పేరు పలికేటప్పుడు ఆయన మొహంలో కనబడే భక్తి, గోవిందా అనేటప్పుడు కూడా నేను చూళ్లేదు.

"దాంట్లో తాళంచెవులు రెండు. ఒకటి ఊరంతా పంచినా ఏంగాదు. శ్రీవారి హుండీ చూడు, ఎవురైనా వేయొచ్చు. తీసి లెక్కబెట్టేది పరకామణిలోనే."

ఈ పోలిక మటుకు బాగుంది, ఒప్పుకోవాల్సిందే. ఆ మెచ్చుకోలులో నోరు జారి, మరి పాస్‌వర్డును సర్వర్లో యాడ దాస్తారని అడిగినాను.

"దాయరు. గుండు కొట్టిస్తారు! కల్యాణకట్టకాడ గుండు చూసి, ముందు జడుండిందో క్రాపుండిందో చెప్పగలవా? హ్యాష్ అంటే అదే, వెనక్కి రాదు. ముందుగా రవ్వంత ఉప్పేస్తారు, ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డయినా గుండ్లు వేరేగా రావాలని."

"ఊరుబిండిలో తక్కువైందా?" అని వంటింట్లోనుంచి అక్క.

ఒకనాటి రాత్రి తన సర్వరుకు తనే మూడుసార్లు తప్పు పాస్‌వర్డు కొట్టి, తను పెట్టిన కాపలాకే తను దొరికిపోయినాడు. స్కూటరేసుకుని కాలేజీకి పోతే వాచ్‌మన్ గేటు తీయలేదు. ఐడీ కార్డు ఇంట్లో ఉంది. ముప్ఫై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడు ఫోన్లో చూపించినా ఆ పెద్దాయన కరగలేదంట.

నవ్వుతాను గానీ, లాగ్ ఫైలు చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఎవడో రూట్, అడ్మిన్, టెస్ట్ అని పేర్లు మార్చి మార్చి తెల్లవార్లూ తలుపు కొడతానే ఉండాడు. లోపల పిల్లోళ్ల మార్కులు, ఫీజు లెక్కలు. ఈ మనిషి నిద్ర మానుకుని కూర్చునేది వాటికోసం.

నా సంగతంటారా, మా పాప పేరు, పక్కన 123. బ్యాంకుకూ అదే, కరెంటు బిల్లుకూ అదే. మార్చుకుంటే మరిచిపోతానని భయం.

వైఫై పాస్‌వర్డు మటుకు బావ చెప్పలేదు. బయల్దేరేటప్పుడు అక్క గోడకున్న దేవస్థానం క్యాలెండరు దగ్గరికి పిలిచింది. పాల లెక్క కింద 24 అక్షరాలూ పెన్సిలుతో రాసుండాయి. నెల పేజీ తిప్పినప్పుడల్లా మళ్లీ ఎక్కిస్తుందంట.