తెర మీద అంకెకు బండి ఆగుతుందా?

ఇప్పటి పిల్లలకు ట్రెయిలర్ బ్రేకంటే డ్రైవర్ ముందు వెలిగే ఒక అంకె. మా మేనల్లుడు మస్కట్‌లో ఘలా వైపు ఒక వర్క్‌షాపులో పనిచేస్తాడు. పెద్ద పికప్పులకు బ్రేక్ కంట్రోలర్లు బిగించడం వాడి పని. మొన్న వీడియో కాల్ చేసి, "మామా, ఒక అర్బాబ్‌కు (యజమానికి) రెండు ట్రెయిలర్లున్నయ్. ఒకటి పడవది, ఒకటి క్యాంపింగ్‌ది. రెండిటికీ గెయిన్ ఆరు పెట్టిన. పడవది తగిలిస్తే ఫాల్ట్ చూపిస్తున్నది. రెండోది తగిలిస్తే చక్రాలు జామైతున్నయ్. కంట్రోలర్ ఖరాబైందంటవా?" అని అడిగాడు.

గెయిన్ అంటే ట్రెయిలర్ బ్రేకుకు ఎంత బలం పంపాలో చెప్పే అంకె. రెండు బండ్లకు ఒకే అంకె పెట్టినోడు మెకానిక్కా? ఆ ట్రెయిలర్లు ఎంత బరువురా అంటే తెలియదన్నాడు. వాటి కింద ఏ బ్రేకులున్నాయో వంగి చూశావా అంటే, కంట్రోలరే కనిపెట్టుకుంటుందన్నాడు!

మా రోజుల్లో ఏదీ దానంతటది కనిపెట్టుకునేది కాదు. మాది బోధన్ పక్క ఊరు. చెరుకు సీజన్లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి ట్రాక్టర్ వెనుక రెండేసి ట్రాలీలు కట్టి తోలేవాళ్లం. రెండిట్లో దేనికీ బ్రేకుండేది కాదు. దిగుడు వస్తే చిన్న గేరు, దేవుడు, అంతే. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, బ్రేకుల్లేని జంట ట్రాలీలు మాత్రం మన రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద ఎవరికీ కోపం రాదెందుకో.

1980ల చివర్లో ఒమన్ పోయాను. అక్కడ లైసెన్స్ తెచ్చుకోవడమే ఒక యజ్ఞం. డ్రమ్ముల మధ్య నుంచి బండిని వెనక్కి తియ్యాలి, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా ఎక్కించాలి, ఆ తర్వాతే రోడ్డు పరీక్ష. మన దేశంలో ఎన్నేళ్లు లారీ తోలావన్నది ఆ పోలీసుకు అనవసరం. అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ పరీక్ష ఇప్పటి పిల్లలకు ఇంకా గట్టిగా పెట్టాలనిపిస్తుంది.

మేము ట్రెయిలర్లు తోలిన మస్కట్–సలాలా దారి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నిజ్వా, ఆదమ్ దాటాక హైమా వరకు ఎడారి, హైమా నుంచి తుమ్రైత్ వరకు మళ్లీ ఎడారే. ఇప్పుడు కొంతమేర జంట రోడ్లు వచ్చాయి. అప్పుడు ఉన్నది ఒక్కటే రోడ్డు, దాని మీదే ఎదురు బండి, దాని మీదే ఒంటె. మాకు ముందుకు ముక్కున్న మెర్సిడెస్ లారీలు ఇచ్చేవారు. క్యాబిన్లో ఏసీ లేదు. ఫోను సంగతి అడగొద్దు.

బ్రేకు పని నేర్పింది ఒక పఠాన్ ఉస్తాద్. ఎర్ర పైపు ట్రెయిలర్ ట్యాంకులో గాలి నింపుతుంది, పసుపు పైపు బ్రేకు పట్టమని చెబుతుంది. ముందు ఈ రెండు చెప్పాడు. తర్వాత స్పానర్ చేతికిచ్చి బండి కిందికి పంపాడు. ఒక్కో చక్రం దగ్గర స్లాక్ బోల్టు తిప్పుతూ లైనర్ డ్రమ్ముకు తగిలేదాకా బిగించాలి, అక్కణ్నుంచి కొద్దిగా వదులు చెయ్యాలి. ఒక చక్రం బిగువుగా, పక్కది వదులుగా ఉంటే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకు లాగేస్తుంది. పని అయ్యాక క్యాబిన్లోని చేతి మీట లాగమనేవాడు. అది ట్రెయిలర్ బ్రేకు ఒక్కదాన్నే పడుతుంది. కాలు పెడల్ మీద పెట్టకుండా నెమ్మదిగా పోతూ మీట లాగితే ట్రెయిలర్ ఒక్కటే మొత్తం బండిని ఆపగలగాలి. ఆగితేనే లోడు. లేకపోతే మళ్లీ కిందికి.

ఇంతెందుకంటే, సలాలాకు ముందు దోఫార్ కొండ ఉంది. తుమ్రైత్ దాటి ఖైరూన్ హైరితి దగ్గర రోడ్డు ఒక్కసారిగా సముద్రం వైపు దిగుతుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, అక్కడ ఖరీఫ్ అనే వానకాలంలో, పొగమంచు కమ్మేస్తుంది, బండి ముక్కు కూడా కనబడదు. సన్నటి జల్లుకు రోడ్డు మీద పేరుకున్న నూనె తేలి జారుడవుతుంది. అక్కడ ముందు బండి బ్రేకు మొదట పట్టి, ట్రెయిలర్ ఆలస్యమైతే వెనుక బరువంతా ముందుకు తోస్తుంది. బండి చాకులా మధ్యకు మడతపడుతుంది. అందుకే వెనుకది ముందు పట్టాలి. రెండు ట్రెయిలర్లుంటే చిట్టచివరిది ముందు పట్టాలి. కానీ గాలి అంత పొడవు పైపులో పోయేసరికి అదే అన్నిటికంటే ఆలస్యం. ఈ తంటా తీర్చడానికే, చక్రాల దగ్గరి ట్యాంకు గాలినే బ్రేకుకు వదిలే రిలే వాల్వులు పెట్టారు. ఇప్పటి ఈబీఎస్ (ఎలక్ట్రానిక్ బ్రేకు) అయితే కబురును కరెంటు తీగలో పంపుతుంది కాబట్టి అన్ని చక్రాలూ దాదాపు ఒకేసారి అందుకుంటాయి. అది మంచి సంగతే, కాదనను. చక్రాల బ్రేకు వాడకుండా బండిని నెమ్మది చేసే రిటార్డర్ కూడా మంచిదే. అది లేక మేము కొండ దిగి డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే సెగకు వెనక్కి తీసుకునేవాళ్లం.

అప్పటి పాత ట్రెయిలర్లు కొన్నిటికి, గాలి పోతే దానంతటదే పట్టే స్ప్రింగ్ బ్రేకు కూడా లేదు. రాత్రి ఆపి పడుకుంటే, తెల్లారేసరికి ట్యాంకులో గాలి కారిపోయి బ్రేకు తనంతట తనే వదిలేసేది. చక్రం కింద చెక్క పెట్టకుండా నిద్రపోయినవాణ్ని ఉస్తాద్ తిట్టిన ఉర్దూ తిట్లు ఇక్కడ రాయలేను.

సరే, మేనల్లుడి సంగతి. ఒరేయ్, పడవ ట్రెయిలర్ ఉప్పునీళ్లలో దిగుతుంది. అయస్కాంతం బ్రేకులు ఆ ఉప్పుకు తుప్పుపడతాయి కాబట్టి చాలావాటికి హైడ్రాలిక్ బ్రేకులు పెడతారు. కంట్రోలర్ పంపే కరెంటు అక్కడ చక్రాలకు పోదు, నూనె తోసే పంపుకు పోతుంది. కంట్రోలర్‌లో దానికి వేరే మోడ్ ఉంటుంది, అది మార్చకపోతే ఫాల్ట్ చూపించక ఏం చేస్తుంది? క్యాంపింగ్‌దాని కింద నేరుగా అయస్కాంతాలున్నాయి. ఒక్కోటి సుమారు మూడు ఆంపియర్లు లాగి డ్రమ్ముకు అతుక్కుని షూలను తోస్తుంది. ఖాళీ ట్రెయిలర్‌కు ఆరు ఎక్కువైతే చక్రం లాక్ అవుతుంది. అందులో తప్పేముంది?

వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. చదునైన, పొడి రోడ్డు చూసుకోండి. రెండు మూడుసార్లు బ్రేకు పట్టి కొంచెం వేడెక్కనివ్వండి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో పోతూ కంట్రోలర్ మీదున్న చేతి మీట లాగండి. చక్రం లాక్ అయ్యేదాకా అంకె పెంచి, అక్కణ్నుంచి ఒక మెట్టు తగ్గించండి. రెండో ట్రెయిలర్‌కు మళ్లీ మొదటి నుంచి చెయ్యండి. రెండు అంకెలూ విడివిడిగా రాసి, ఏ ట్రెయిలర్‌ది దాని కొక్కెం మీదే అంటించండి. బరువు మారినప్పుడల్లా ఆ కాగితం చింపేసి మళ్లీ చూసుకోండి.