రేషియో అనాలిసిస్ ప్రాజెక్టును ముంచే సలహాలు

ఎంబీఏ ఫైనాన్స్ రెండో సంవత్సరంలో ఏ కాలేజీకి వెళ్లినా ఒకటే టైటిల్ ఎదురవుతుంది: ఫలానా కంపెనీ మీద రేషియో అనాలిసిస్. టైటిల్‌తో నాకు పేచీ లేదు. దాంతోపాటు సీనియర్ల నుంచి జూనియర్లకు చేరుతున్న సలహాలతోనే నా పేచీ. వాటిని నమ్మి వంద పేజీలు నింపిన పిల్లలు వైవాలో ఒక్క ‘ఎందుకు?’కు జవాబు చెప్పలేక నిలబడిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లకు తెలివి లేక కాదు, దారి తప్పించినవాళ్లు ఎక్కువై. ఆ సలహాలేమిటో, ఎందుకు వినకూడదో చెబుతాను.

“కరెంట్ రేషియో 2 దాటితే బాగుందని రాసెయ్, తగ్గితే బాగాలేదని రాసెయ్.”

అసలు చేటంతా ఇక్కడే మొదలవుతుంది. మన బ్యాంకులు వర్కింగ్ క్యాపిటల్ అప్పుల దగ్గర ఎన్నో ఏళ్లుగా చూస్తున్న అంకె 2 కాదు, 1.33. టాండన్ కమిటీ 1975లో ఇచ్చిన నివేదికలోని రెండో పద్ధతి ప్రకారం మొత్తం కరెంట్ ఆస్తుల్లో 25 శాతానికి కంపెనీ దీర్ఘకాలిక నిధులు పెట్టుకోవాలి. అంటే 100 రూపాయల ఆస్తులకు 75 రూపాయల కరెంట్ అప్పులు. భాగిస్తే 1.33. ఈ లెక్క తెలిసినవాళ్లు ‘2 ఎక్కడిది?’ అని అడిగితే పాఠ్యపుస్తకం పేరు చెప్పడం జవాబు కాదు.

ఇంకో మాట. సరుకు అమ్మిన రోజే నగదు తీసుకుని, సరఫరాదారుకు నెల తర్వాత చెల్లించే సూపర్ మార్కెట్‌కు 1 కూడా ఇబ్బంది కాకపోవచ్చు. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టు కంపెనీకి 2.5 ఉన్నా కూలీలకు డబ్బు అందకపోవచ్చు. కారణం నోట్స్‌లో ఉంటుంది. 2021 మార్చిలో కంపెనీల చట్టం షెడ్యూల్ 3ను సవరించిన దగ్గర్నుంచి రావలసిన బాకీలను వయసువారీగా చూపించాలి: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఆపైన రెండేళ్లు, మూడేళ్లు, మూడేళ్లు దాటినవి. ఆ పట్టిక తెరవండి. మూడేళ్లు దాటిన గడిలో పెద్ద మొత్తం కనిపిస్తే మీ 2.5లో ఎంత డబ్బు, ఎంత ఆశ అన్నది అక్కడే తేలిపోతుంది. అదే సవరణ 11 రేషియోలను కంపెనీనే ప్రకటించాలని, నిరుటికంటే 25 శాతానికి మించి మారితే కారణం చెప్పాలని కూడా అంది. ఆ వివరణ చదవకుండా పక్కనే సొంతంగా భాగించుకుని బార్ చార్ట్ గీయడం పరిశోధన అనిపించుకోదు.

“బ్యాంకు అయినా, సిమెంట్ కంపెనీ అయినా ఫార్ములా ఒకటే.” కాదు. బ్యాంకుకు డిపాజిట్లు అప్పులు, ఇచ్చిన రుణాలు ఆస్తులు. అక్కడ కరెంట్ రేషియోకు అర్థమే లేదు. మూలధన నిష్పత్తి, మొండి బాకీలు, నికర వడ్డీ మార్జిన్ చూడాలి. దివాలాను ముందే అంచనా వేసే జడ్ స్కోరును ఆల్ట్‌మన్ 1968లో కట్టింది 66 తయారీ కంపెనీల మీద. అందులో సగం దివాలా తీసినవి. దాన్ని తెచ్చి బ్యాంకుల మీద రుద్దిన రిపోర్టులు చూస్తే ఆ సూత్రం మీదే జాలి వేస్తుంది.

సీజన్‌దీ అదే కథ. చక్కెర ఫ్యాక్టరీ చలికాలమంతా క్రషింగ్ చేసి మార్చి 31 నాటికి గోదాముల నిండా సరుకు పెట్టుకుని ఉంటుంది. ఆ ముగింపు స్టాకుతో ఇన్వెంటరీ టర్నోవర్ కట్టి ‘సరుకు కదలడం లేదు’ అని రాస్తే ఫ్యాక్టరీకి అన్యాయం చేసినట్టే.

“సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె రాసెయ్.” నష్టం 40 కోట్లు, నెట్‌వర్త్ మైనస్ 80 కోట్లు అనుకోండి. ఈక్విటీ మీద రాబడి ప్లస్ 50 శాతం అని ఎక్సెల్ చెబుతుంది. మునిగిపోతున్న కంపెనీ మీ పట్టికలో మొదటి ర్యాంకు కొట్టేస్తుంది. హారం మైనస్‌లో ఉంటే ఆ రేషియోను పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో రాయండి. పరిశ్రమ మొత్తానికి సగటు కట్టేటప్పుడు మధ్యగతం కూడా పక్కనే పెట్టండి. ఒకే ఒక్క వింత అంకె సగటును ఎక్కడికో లాక్కుపోతుంది.

“అయిదేళ్ల డేటా చాలు, కోరిలేషన్ తీసి ఎస్‌పీఎస్‌ఎస్‌లో పెట్టు.” ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగానే కోపం. అయిదు పరిశీలనలతో 5 శాతం స్థాయిలో సార్థకం కావాలంటే సహసంబంధం 0.878 దాటాలి. 0.8 వచ్చినా చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. పైగా అమ్మకాలు, అప్పులు రెండూ ఏటేటా పెరుగుతుంటే, ఒకదానితో ఒకదానికి పనిలేకపోయినా సహసంబంధం ఎక్కువే వస్తుంది.

రేషియోల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఈక్విటీ మీద రాబడికి, అప్పు-ఈక్విటీ నిష్పత్తికి సంబంధం వెతుకుతారు. రెండింటికీ హారం ఈక్విటీయే! సంబంధం లేని రెండు సంఖ్యలను ఒకే సంఖ్యతో భాగిస్తే లేని సహసంబంధం పుట్టుకొస్తుందని కార్ల్ పియర్సన్ 1897లోనే చూపించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లలను అదే గోతిలోకి పంపుతున్నాం.

“ఏదో ఒకటి సార్థకం అయ్యేదాకా టెస్టులు చేస్తూ పో” అనేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఏ సంబంధమూ లేకపోయినా, వేర్వేరుగా 20 పరీక్షలు చేస్తే కనీసం ఒకటి 5 శాతం స్థాయిలో తగిలే అవకాశం 64 శాతం. ఎన్ని చేశారో రిపోర్టులో రాయండి, తగలనివాటితో సహా.

“ఆడిట్ అయిన లెక్కలే కదా, అనుమానం ఎందుకు?” సత్యం కంప్యూటర్స్ లెక్కలూ ఆడిట్ అయినవే. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖ ప్రకారం 2008 సెప్టెంబర్ త్రైమాసికానికి చూపిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు, మార్జిన్ 24 శాతం. అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు, మార్జిన్ 3 శాతం. పుస్తకాల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఆ బ్యాలెన్స్ షీట్‌తో కట్టిన ప్రతి రేషియోలో భాగహారం సరిగ్గానే ఉండి ఉంటుంది. భాగహారం సరిపోయినంత మాత్రాన అంకె నిజం కాదు. అందుకే లాభం పక్కన క్యాష్ ఫ్లో పెట్టండి, ఆడిటర్ రిపోర్టులో షరతులు చదవండి, అనుబంధ కంపెనీలతో లావాదేవీల నోటు చూడండి. ఇవన్నీ చేసినా మోసం బయటపడుతుందని హామీ లేదు. కానీ చేయకుండా ‘ఆర్థిక స్థితి సంతృప్తికరం’ అని సంతకం పెట్టే హక్కు మనకు లేదు.

చివరిది, పైకి అమాయకంగా కనిపించేది: “ఇవాళ్టి నిఫ్టీ 50 తీసుకుని పదేళ్లు వెనక్కి వెళ్లు.” ఆ కుంభకోణం తర్వాత సత్యాన్ని సెన్సెక్స్, నిఫ్టీ రెండింటి నుంచీ తీసేశారు. తర్వాతి జాబితాతో వెనక్కి వెళ్లినవాడికి ఆ కంపెనీ ఎదురే పడదు. మిగిలినవాళ్లనే లెక్కేస్తే రాబడి ఎక్కువగా, ప్రమాదం తక్కువగా తేలుతుంది. మీ అధ్యయనం మొదలయ్యే తేదీ నాటి జాబితా తీసుకోండి, మధ్యలో వెళ్లిపోయిన కంపెనీలు ఎప్పుడు, ఎందుకు వెళ్లాయో అనుబంధంలో రాయండి. ఆ పేజీ రాయడానికి వారం పడితే పట్టనివ్వండి, గడువు దగ్గర పడిందని మాత్రం దాన్ని వదిలేయకండి.